బల్ల మీద ఒక్క దెబ్బ

జూన్ 9

పిన్నీ,

ఉద్యోగంలో చేరాను, కింద పడ్డాను, లేచాను. మూడూ మొదటి రోజే అయిపోయాయి. నాకిచ్చిన కుర్చీకి వీపు ఆనించే పలక లేదు. ఆ సంగతి చూసుకోకుండా హాయిగా వెనక్కి వాలాను. గదిలో అందరూ తిరిగి చూశారు. ఇన్నేళ్ళుగా "కుర్చీలో కూర్చునే ఉద్యోగం" అని కలవరించావే, ఆ కుర్చీ ఇదీ.

కొనుగోలు విభాగం అంటే ఏం చేస్తారని అడిగావు. మా కంపెనీ ఆస్పత్రుల్నీ హోటళ్ళనీ శుభ్రం చేసే పని తీసుకుంటుంది. దానికి కావలసినవన్నీ, సబ్బు దగ్గర్నుంచి చేతి తొడుగుల దాకా, మా గది నుంచే కొంటారు. బజారుకి వెళ్ళేదేమీ లేదు. ఫోన్ చేసి ధర అడగడమే. సారు, కళ్ళజోడావిడ, అందరికంటే కింద నేను. గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్క అద్దంలోంచి చూస్తే పక్క గదిలో పేర్చిన అట్టపెట్టెలు కనిపిస్తాయి.

సారు నేర్పిన మొదటి పాఠం చెబితే నవ్వుతావు. అమ్మేవాళ్ళు ధర చెప్పగానే మనం ఏమీ మాట్లాడకూడదట. ఎక్కువ అనకూడదు, ఊఁ కూడా కొట్టకూడదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఊరికే ఉండాలి. ఆ నిశ్శబ్దం భరించలేక అవతలి మనిషి తనంతట తనే తగ్గిస్తాడు. అప్పటికీ పలక్కపోతే ఇంకాస్త తగ్గిస్తాడు. నోట్లో నాలుక లేదని నన్ను చిన్నప్పటి నుంచీ మూగమొద్దు అన్నావు కదా, ఇక్కడ అదే నా అర్హత. నిన్న చేతి తొడుగుల ముసలాయనతో అలాగే ఊరుకున్నాను. పాపం ఆయన రెండుసార్లు తగ్గించి, "మీరెంతంటే అంతేనమ్మా" అన్నాడు. సారు కళ్ళజోడావిడతో "చూశారా, పుట్టుకతో వచ్చిన విద్య" అన్నారు. నేను మాత్రం ఫోన్ పెట్టేసి మంచినీళ్ళకి లేచి వెళ్ళాను.

ఆరు నెలలు చూసి ఉద్యోగం ఖాయం చేస్తారట. చేరేటప్పుడు సారు ఒకటే గట్టిగా అడిగారు, మనకి సరుకు అమ్మేవాళ్ళలో నీ బంధువులు ఉన్నారా అని. ఉంటే వాళ్ళ దగ్గర కొనరట. లేరన్నాను.

మధ్యాహ్నం కునుకు వస్తే, మన షెడ్డులో లాగా పెన్నుతో బల్ల మీద రెండు దెబ్బలు కొట్టాను. ఎవరూ బ్రష్షు పీచు పట్టుకురాలేదు.

నీ మూగమొద్దు

(నాకు షెడ్డుకి తిరిగి వచ్చేయాలని ఉంది. బ్రష్షులు కట్టడం నాకు వచ్చు కదా.)

జూన్ 21

మూగమొద్దుకి పిన్ని రాస్తున్నది.

కుర్చీకి వీపు లేకపోతే ఏం, నీకు ఉందిగా. ఆరు నెలలు నిటారుగా కూర్చో. ఖాయమయ్యాక వీపున్న కుర్చీ వాళ్ళే ఇస్తారు. చివర్లో చిన్న అక్షరాలతో ఏదో గీకావు, అది నేను చదవలేదు. నాకు పెద్ద మాటలూ వినబడవు, చిన్న అక్షరాలూ కనబడవు.

సరే, అసలు సంగతి విను. నాకు పెద్ద ఆర్డరు వచ్చింది! ఫోన్ మోగిందని మన షెడ్డులో పనిచేసే పొడుగావిడ భుజం తట్టి చెబితే ఎత్తాను. ఎవరో ఆఫీసావిడ. గట్టిగా, నెమ్మదిగా మాట్లాడింది, మంచి మనిషిలాగే ఉంది. నేల తోమే బ్రష్షులు నెలనెలా వందల లెక్కన కావాలంది. ధరెంత అంది. చెప్పాను. ఇంక చడీ చప్పుడూ లేదు. నా చెవుల సంగతి నీకు కొత్త కాదు కదా. ఆవిడ ఏదో అంటోంది, నాకే వినబడటం లేదు అనుకున్నాను. ఏమంటుంది, ఎక్కువ అంటుంది, అంతేగా. ఊరికే "ఆఁ? ఆఁ?" అంటూ కూర్చుంటే చెవిటిదాని దగ్గర ఎవరు కొంటారు? అందుకని కొంచెం తగ్గించి చెప్పాను. మళ్ళీ ఏమీ వినబడలేదు. ఇంకొంచెం తగ్గించాను. అప్పుడు "సరే" అంది. ఆ ఒక్క ముక్క మాత్రం ఎంత స్పష్టంగా వినబడిందనుకున్నావ్!

ధర కాస్త బిగుతే. అయినా చేతినిండా పని. ఒక వదినా మరదళ్ళని కొత్తగా పెట్టుకున్నాను. ఇద్దరికీ ముందు మన దెబ్బల భాష నేర్పాను. రెండు దెబ్బలంటే పీచు పట్రా. ఒక్క దెబ్బంటే ఆపు, పీచు కోసే కత్తి దగ్గర్నుంచి చెయ్యి తీసెయ్యి. మనుషుల మాటల కన్నా చెక్క మీద దెబ్బే నాకు బాగా అందుతుంది. ఎవరు కొట్టారో కూడా చెప్పగలను. మరదలు పిల్ల తలుపు తట్టినట్టు భయం భయంగా కొడుతుంది. నువ్వు కొట్టే దెబ్బ వేరు. పొట్టిగా, కోపంగా ఉంటుంది.

వేళకి తిను.

పిన్ని

జూలై 2

పిన్నీ,

నీ ఉత్తరం చదివి నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. పోయినసారి నేను రాసిన పాఠం ఒక్కసారి మళ్ళీ చదువు. ఆ ఆఫీసావిడ ఏమీ అనలేదు పిన్నీ. నీకు వినబడకపోవడం కాదు, అక్కడ వినడానికేమీ లేదు. కావాలనే ఊరుకుంది. కొనేవాళ్ళందరూ చేసే పనే అది. నేనూ రోజూ చేస్తున్నాను.

ఇంకోసారి ఫోన్ వస్తే ధర చెప్పి నువ్వూ నోరు మూసుకో. ఎంతసేపైనా సరే, వాళ్ళనే మాట్లాడనీ.

ఇంతకీ కంపెనీ పేరేమిటి?

ఇక్కడ కొత్త విశేషాలేమీ లేవు. కళ్ళజోడావిడ తన డబ్బాలోంచి నాకు సగం పెడుతోంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే గదిలో ఉందట. ఎలా ఉంటున్నారని అడిగితే, "మొదటి ఏడాదే కష్టం, తర్వాత ఫోన్లో మనుషులు ఉంటారన్న సంగతి గుర్తు రాదు" అంది. నన్ను ఓదార్చడానికే అంది కానీ, నాకు ఆ పూట అన్నం సహించలేదు.

నీ మూగమొద్దు

జూలై 15

అమ్మడూ,

నా చెవుడికి ఇంత అందమైన కథ ఇంతవరకూ ఎవరూ కట్టలేదు. ఎవరైనా పనిగట్టుకుని ఫోన్ చేసి మాట్లాడకుండా కూర్చుంటారా? మీ సారు ఏదో వింత మనిషి కాబట్టి మీ గదిలో అలా నడుస్తోంది. లోకమంతా అలాగే ఉంటుందా? పిన్ని బాధపడుతుందని అల్లావు. నీ మనసు నాకు తెలుసు. కానీ నోరు మూసుకో అని రాశావు చూడు, అది మాత్రం ముల్లులా గుచ్చుకుంది. ఫోన్లో నేను మాట్లాడితే నలుగురూ నవ్వుతారని నీకూ అనిపించిందన్నమాట. పోనీలే.

కంపెనీ పేరు సగమే వినబడింది. సరుకు ఎక్కడో గోడౌనుకి పంపాలి. ఆ చిరునామా పొడుగావిడ రాసుకుంది. నమూనాకి ఒక బ్రష్షు పంపమంటే, వేరేవాళ్ళ చేత కట్టించకుండా నేనే కూర్చుని కట్టి పంపాను. నచ్చిందట.

పీచు చాలా తెప్పించేశాను. షెడ్డులో కాలు పెట్టడానికి చోటు లేదు. మిగతావాళ్ళ కూలి ఇచ్చాక నాకేమీ మిగలడం లేదు గానీ, నాకేం ఖర్చులు కనుక. నువ్వు కుర్చీలో ఉన్నావు. నాకు అది చాలు.

పిన్ని

జూలై 28
(ఇది పోస్టులో వేయను)

పిన్నీ,

ఈ రోజు నా బల్ల మీదకి ఒక బ్రష్షు వచ్చింది. గోడౌనుకి వచ్చిన సరుకులోంచి తీసి పంపే నమూనాల్ని పరీక్షించి పెట్టుకోవడం నా పనే. నీళ్ళలో నానబెట్టాలి, పీచు పట్టి లాగాలి. ఎంత లాగినా ఒక్క పోగు కూడా ఊడలేదు. అప్పుడు తీగ చుట్టు చూశాను. అందరూ కుడికి తిప్పే చివరి చుట్టు ఎడమకి తిరిగి ఉంది. నీది ఎడమచేతి వాటం. ఆ చుట్టు నేను చీకట్లో తడిమినా పోల్చగలను.

నీకు ఫోన్ చేసింది కళ్ళజోడావిడ. ఆ పక్క కుర్చీలోనే నేను ఉన్నాను, చేతి తొడుగుల వాళ్ళతో మాట్లాడకుండా కూర్చుని.

"ఇంత తక్కువకి ఇంత గట్టి బ్రష్షా!" అని సారు మురిసిపోయారు. మా పిన్ని అని చెప్పానా, రేపే నీ ఆర్డరు ఆపేస్తారు. తెప్పించిన పీచంతా నీ నెత్తిన పడుతుంది, ఆ వదినా మరదళ్ళు ఇంటికి పోతారు. చెప్పకపోయానా, ప్రతి మూడు నెలలకీ ధర మళ్ళీ అడుగుతారు, నువ్వు మళ్ళీ తగ్గిస్తావు. లోపలి సంగతులు నీకు రాసి పంపితే, తిండి పెడుతున్న చోట దొంగతనం చేసినట్టే. అసలు నీకే చెబుదామంటే ఇంకా భయం. నా కోసం ఆర్డరైనా వదులుకుంటావు, ఇంకా తగ్గించైనా ఇస్తావు. రెంటికీ సమర్థురాలివి.

ఎటు తిరిగినా గోడే. అద్దం అవతల పెట్టెల మీద పెట్టెలు పెరుగుతున్నాయి. కొన్నిటి నిండా నీ బ్రష్షులే.

జూలై 28

పిన్నీ,

బాగానే ఉన్నాను. పని ఎక్కువగా ఉంది. చేతులు జాగ్రత్త. నోరు మూసుకో అన్నది నవ్వుతారని కాదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఉంటాను.

ఆగస్టు 19

ఏమే,

నాలుగు ముక్కలు గీకి పడేస్తే ఉత్తరం అయిపోతుందా? మూగమొద్దు అని సంతకం కూడా పెట్టలేదు. కళ్ళు నెత్తికెక్కాయా, లేక ఎవరైనా కళ్ళలో పడ్డారా? రెండోదైతే చెప్పు, తిట్టను. మొదటిదైతే తిడతాను.

పొడుగావిడ ఏమంటుందంటే, ఆఫీసు వాతావరణం పడిన పిల్లలకి పీచు దుమ్ములో పెరిగామని చెప్పుకోవడం సిగ్గుగా ఉంటుందట. నేను దాని మీద కేకలేశాను. కేకలేసి ఇంటికొచ్చి కూర్చుని, నిజమేనేమో అనుకున్నాను. నిజమైనా పర్వాలేదు. పెంచింది అందుకే. కానీ నువ్వే చెబితే బాగుండేది.

పొడుగావిడ ఈ నెలాఖరుకి మానేస్తోంది. ఆ కేకల వల్ల కాదు. వేరేచోట కూలి ఎక్కువ ఇస్తారట, నేను ఇవ్వలేనని దానికీ తెలుసు. వెళ్ళేటప్పుడు కోత కత్తిని నూనె పెట్టి తుడిచి మరీ వెళ్తానంది.

సెప్టెంబరులో ఆఫీసువాళ్ళు ధర మళ్ళీ అడుగుతారట. ఈసారి నువ్వు చెప్పినట్టే చేసి చూస్తాను. నువ్వు అల్లిన కథ నిజమో కాదో అదీ తేలిపోతుంది.

పిన్ని

సెప్టెంబరు 12

అమ్మడూ,

నీ నుంచి జవాబు లేదు. అయినా రాయక తప్పదు.

నిన్న ఫోన్ వచ్చింది. ఈసారి ఇంకో అమ్మాయి. ఫోన్లో ఎవరి గొంతైనా నాకు ఒక్కలాగే వినబడుతుంది. "కొత్త ధర చెప్పండి" అని గట్టిగా, అక్షరం అక్షరం అంది. పాత ధరే చెప్పాను. చెప్పి, నీ మాట ప్రకారం నోరు మూసుకున్నాను. ఆ అమ్మాయీ మూసుకుంది. వదినా మరదళ్ళు పని ఆపేసి నన్నే చూస్తున్నారు. నేను గోడ చూస్తున్నాను. అలా ఎంతసేపు ఉన్నామో తెలియదు. లైను పోయిందేమో అనుకున్నాను, ఆ పిల్లకి కోపం వచ్చిందేమో అనుకున్నాను, చివరికి నా చెవుల్లో ఆ కాస్త ఓపికా పోయిందేమో అనుకున్నాను. ఇంక ఉండబట్టలేక నోరు తెరవబోయాను.

అప్పుడు టక్ మని ఒక్క దెబ్బ.

నా చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసింది. దగ్గర్లో కత్తి లేదు, ఏమీ లేదు. గోడ పక్కన ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాను. పొట్టిగా, కోపంగా ఉంది ఆ దెబ్బ.

నువ్వేనని తెలిసింది. పక్కన ఎవరో నిలబడి ఉంటారని కూడా తెలిసింది. లేకపోతే పిన్నీ అనేదానివి. పాపం నోరు తెరిచి అడగలేక ఇలా అడుగుతోంది అనుకున్నాను. అందుకే ఈసారి బాగా తగ్గించి చెప్పాను. మీ సారు మెచ్చుకున్నారా?

నీ మీద నాకు కోపమేమీ లేదు. కొన్నాళ్ళుగా నీళ్ళు నములుతూ ఉత్తరాలు రాసింది ఇందుకా, పిచ్చి మొహమా. నా గురించి చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నావనుకుని ఆగస్టంతా ఏడ్చాను. అనవసరంగా ఏడ్చాను.

పిన్ని

సెప్టెంబరు 18

పిన్నీ,

దీంతోపాటు జూలైలో రాసి దాచుకున్న ఉత్తరం కూడా పెడుతున్నాను. ముందు అది చదువు.

కళ్ళజోడావిడకి ఇప్పుడు ఇంకో పని అప్పగించి, బ్రష్షులు నాకు ఇచ్చారు. ఆ రోజు సారు నా పక్కనే ఇంకో ఫోన్ పట్టుకుని వింటున్నారు. ధర చెప్పి నువ్వు ఊరుకున్నావు. నా మాట విన్నావని ప్రాణం లేచి వచ్చింది. నీ వెనక కోత కత్తి చప్పుడు ఆగిపోవడం కూడా వినబడింది. సారు చేత్తో ఆగు ఆగు అని సైగ చేస్తున్నారు. ఇంతలో నువ్వు గట్టిగా ఊపిరి పీల్చుకున్నావు. "ఆ బ్రష్షులావిడ తగ్గించే ముందు ఊపిరి పీలుస్తుంది, అప్పుడు అస్సలు కదలకు" అని కళ్ళజోడావిడ నాకు ముందే చెప్పింది. అందుకే కొట్టాను.

ఒక్క దెబ్బ అంటే ఆపు అని. తగ్గించవద్దని కొట్టాను పిన్నీ. నువ్వే నేర్పావు కదా. ఎలా మర్చిపోయావు?

నువ్వు ఆ ధర చెప్పగానే సారు నా భుజం తట్టారు. బాత్రూముకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

రాజీనామా రాశాను. నెలాఖరుకి వచ్చేస్తాను. పొడుగావిడ చోట నేను కూర్చుంటాను. నేను మానేస్తే బంధువుల గొడవే ఉండదు, నువ్వు ధైర్యంగా నీ ధర అడగొచ్చు. వస్తున్నాను, వద్దనకు.

నీ మూగమొద్దు

సెప్టెంబరు 27

మూగమొద్దూ,

మర్చిపోలేదు.

ఒక్క దెబ్బంటే ఏమిటో నాకు తెలియకపోవడమేమిటే? నా ఎడమ చేతి చిటికెన వేలు పోయిన రోజు బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టేవాళ్ళు లేక పోయింది. తర్వాతే ఆ భాష పెట్టాను. నువ్వు ఆపమంటున్నావని ఫోన్లో తెలిసింది. ఆపితే నీకు ఏమవుతుందో కూడా తెలిసింది, ధర తగ్గించలేకపోయావని ఉద్యోగం ఖాయం చేయరు. నువ్వు ఆ కుర్చీలోంచి లేచి ఈ కత్తి ముందు కూర్చుంటావు. ఇప్పుడు రాశావు చూడు, సరిగ్గా అదే. అందుకే తగ్గించాను. పోయిన ఉత్తరంలో అబద్ధం రాశాను, నువ్వు బాధపడతావని.

రాజీనామా చింపెయ్యి. పొడుగావిడ చోట మరదలు పిల్లని కూర్చోబెట్టాను. నీకు ఇక్కడ చోటు లేదు. వస్తే గుమ్మంలోనే నిలబెడతాను, తెలుసుగా నా సంగతి.

నీ పది వేళ్ళూ నాకు కావాలి.

పిన్ని

డిసెంబరు 11

పిన్నీ,

రాజీనామా చింపలేదు, ఇవ్వనూ లేదు. సొరుగులో పెట్టి దాని మీద నీ ఉత్తరం పెట్టాను. అది తీద్దామన్నప్పుడల్లా ముందు నీ ఉత్తరం చేతికి వస్తోంది. అలాగే రెండున్నర నెలలు గడిచిపోయాయి.

నిన్న ఉద్యోగం ఖాయం చేశారు. సారు అందరి ముందూ బ్రష్షుల ధర సంగతే చెప్పారు. ఈ గదిలో అంత తక్కువకి ఎవరూ ఏదీ కొనలేదట. కళ్ళజోడావిడ చప్పట్లు కొట్టింది. నువ్వు అన్నట్టే కొత్త కుర్చీ ఇచ్చారు. వీపు ఆనించే పలక ఉంది, చేతులు పెట్టుకునే చోటు కూడా ఉంది. పొద్దుట్నుంచీ నిటారుగానే కూర్చున్నాను.

వదినా మరదళ్ళలో వదిన కూడా మానేసినట్టుంది. నువ్వు రాయలేదు. గోడౌనులో సరుకు ఆలస్యంగా వస్తోందని అంటుంటే, కారణం నేనే ఊహించుకున్నాను. ఈ మధ్య వచ్చే బ్రష్షులన్నిటి మీదా చివరి చుట్టు ఎడమకే ఉంటోంది. అంటే అన్నీ నువ్వు ఒక్కదానివే కడుతున్నావు.

మూడు నెలలూ అయిపోయాయి. సోమవారం ధర అడగాలి. ఇంకా తగ్గుతుందని సారు నమ్మకం. ఫోన్ చేయాల్సింది నేనే. నేను ఊరుకుంటాను, నువ్వు తగ్గిస్తావు. బల్ల విరిగిపోయేలా కొట్టినా తగ్గిస్తావు, ఆ సంగతి ఇప్పుడు నాకు తెలుసు. మన ఇద్దరిలో ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

అందుకని ఒక్క మాట. మూడుసార్లు చేసినా ఎవరూ ఎత్తకపోతే ఆ పేరు తీసేసి ఇంకొకరికి చేయమనేది సారు పద్ధతి. ఎవరూ అనుమానించరు, ఎవరినీ తప్పుపట్టరు. ఆ ముసలావిడకి వినబడలేదనుకుంటారు. నా కుర్చీ నాకు ఉంటుంది. నీ ధర నీకు ఉంటుంది, పాతవాళ్ళకే అమ్ముకో. ఇన్నేళ్ళూ ఆ చెవుల్ని తిట్టుకున్నావు. ఒక్కసారి వాటిని మనకి పనికి రానీ.

సోమవారం పొద్దున ఫోన్ మోగుతుంది. మరదలు పిల్ల వచ్చి భుజం తడుతుంది. చేస్తున్నది నేనేనని నీకు తెలుస్తుంది, నా గొంతు వినాలని ఉంటుంది.

ఎత్తకు పిన్నీ.

నీ మూగమొద్దు